ఇసుక నేలపై రిమోటు కారు – ఎంపికలో గమనించవలసిన సంగతులు

తెలుగు పాఠం చెప్పుకొనే వాడు మోటార్ల గురించి, బ్యాటరీల గురించి వ్రాయబూనడం కొందరు మిత్రులకు వింతగా తోచవచ్చును. గణవిభజన చేయడం తప్ప గేర్ల పళ్ళు లెక్కించడం ఇతనికేమి తెలుసునని మన భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు ఇప్పటికే పరిహాసం చేశారు. అయినా వ్రాయడానికి కారణం ఉన్నది. మన విద్యార్థులు కొందరు, ఆదివారాలలో నడుపుకొనడానికీ, విప్పి చూచి నేర్చుకొనడానికీ ఒక విద్యుత్ రిమోటు కారు కొనిపెట్టవలసిందిగా కమిటీ వారికి అర్జీ పెట్టుకున్నారు. అర్జీకి జతపరచిన చిత్రంలోని కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుందట. కమిటీలోని పెద్దలొకరు "ఇది ఆటా, చదువా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే అధికారం నాకు లేదు. కాని కొనదలచుకుంటే ఏది కొనవచ్చును, ఏది కొనరాదు అనే విషయంలో నాకు కొంత అనుభవం ఉన్నది. అది మా ఇంటిలోనే, కొంచెం ఖరీదుగానే కలిగింది.

మా ఆపా భర్త కువైట్‌లో లారీ డ్రైవరు. రెండేళ్ళకొకసారి సెలవుపై వస్తారు. మూడేళ్ళ క్రితం ఆయన కొడుకు తొమ్మిదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నాడని, వచ్చే మిత్రునితో ఒక రిమోటు కారు పంపించారు. నాలుగు చక్రాలూ తిరిగేది, ఎరుపు రంగుది, పెట్టె మీద వేగం ఎంతో పెద్ద అక్షరాలతో అచ్చువేసినది. పిల్లవాడు దానిని మైపాడు సముద్రతీరానికి తీసుకుపోయి ఒక సాయంకాలమంతా నడిపాడు. తడి ఇసుక మీద అది బాణంలా పోయిందనీ, ఒకటి రెండు అలలు దానిని తాకినా ఆగలేదనీ వచ్చి సంబరంగా చెప్పాడు. మరునాడు ముందు చక్రాలు వణికాయి. వారం తిరగకుండానే కారు పూర్తిగా మూగబోయింది. ఈ సంగతి నాకు తెలిసింది ఏడాదిన్నర తరువాత. అంతవరకు ప్రతి శుక్రవారం ఫోనులో తండ్రి "కారు బాగా నడుస్తోందా?" అని అడగడం, "బాగా నడుస్తోంది అబ్బా" అని కొడుకు చెప్పడం జరుగుతూనే ఉన్నది. ఆయన సెలవుపై రాబోయే ముందు ఒక రాత్రి ఆ పిల్లవాడు చెప్పుల పెట్టెలో కారు పెట్టుకుని మా ఇంటికి వచ్చి, "మామూ, అబ్బా వచ్చేలోగా దీన్ని ఎట్లాగైనా నడిపించండి" అన్నాడు. నేను ఈ విద్య నేర్చుకున్నది ఆ రాత్రి నుండి.

మొట్టమొదట గ్రహించవలసిన భేదం ఒకటి ఉన్నది. బజారులో రిమోటు కారు అనే ఒకే పేరుతో రెండు వేరు జాతుల వస్తువులు అమ్ముడుపోతున్నాయి. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగనాడు దుకాణాలలో దొరికేవి ఆటబొమ్మలు. వీటిలో మీట నొక్కితే పూర్తి వేగం, వదిలితే ఆగడం. చక్రం పూర్తిగా కుడికి, లేదా పూర్తిగా ఎడమకు. నడుమ స్థితి లేదు. రెండవ జాతిని హాబీ కార్లంటారు. వీటిలో మీటను ఎంత లాగితే అంత వేగం, చక్రాన్ని ఎంత త్రిప్పితే అంత మలుపు. ముందు చక్రాలను త్రిప్పే సర్వో అనే చిన్న యంత్రంలో ఒక మోటారు, కొన్ని గేర్లు, తానెంత తిరిగిందో తెలిపే ఒక నిరోధకం ఉంటాయి. అడిగిన కోణానికి చేరే వరకు అది తనను తాను సరిచూసుకుంటుంది. అయితే ఈ రెండు జాతులకు అంతకంటె ముఖ్యమైన తేడా మరొకటి. హాబీ కారులో ప్రతి భాగానికి ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు చెప్పి ఆ భాగం ఒక్కటే కొనవచ్చు. ఆటబొమ్మ విరిగితే పారవేయవలసిందే.

మేనల్లుని కారు ఈ రెండింటికీ మధ్యస్థమైనది. చూపులకు, ధరకు హాబీ కారు, లోపల ఆటబొమ్మ. సర్వో, రిసీవరు, వేగాన్ని నియంత్రించే సర్క్యూటు అన్నీ ఒకే పలక మీద అతికి ఉన్నాయి. ఒకటి పోతే మూడూ పోయినట్లే. తయారీదారు విడిభాగాలు అమ్మడు. అమ్మిన దుకాణానికి కువైట్‌లోని మిత్రుల ద్వారా కబురు పంపితే, కొత్త కారు తీసుకోండి, ధర తగ్గిస్తాము అన్నారట. కాబట్టి విద్యార్థులకు నా మొదటి సలహా: కారు చిత్రం చూడకముందు దాని విడిభాగాల పట్టిక చూడండి. పట్టిక దొరకకపోతే ఆ కారు జోలికి పోవద్దు.

ఇక రేడియో సంగతి. దూరంగా ఉన్న వస్తువును తీగ లేకుండా నడపడం కొత్త విద్య కాదు. 1890 దశకంలోనే ఆచార్య జగదీశ చంద్ర బోసు కలకత్తాలో గోడల అవతల ఉన్న గంటను రేడియో తరంగాలతో మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపించారు. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను నీటి తొట్టిలో రేడియోతో నడిపారు. బొమ్మకార్లలో చాలాకాలం 27 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వాడేవారు. దాని తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. అందుకే ఆ కాలపు రిమోటుకు పొడుగాటి ఏరియల్ ఉండేది. ఇద్దరి వద్ద ఒకే క్రిస్టల్ ఉంటే ఒకరి మీట నొక్కుడుకు ఇంకొకరి కారు కదిలేది. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లే కనుక ఏరియల్ వేలెడంత చాలు. ప్రతి రిమోటుకు ఒక గుర్తు సంఖ్య ఉండి, తన కారుతోనే మాట్లాడుతుంది. పదిమంది ఒకేచోట నడుపుకున్నా చిక్కు లేదు. తక్కువ శక్తితో ఈ పౌనఃపున్యాన్ని వాడుకొనడానికి మన దేశంలో 2005 నుండి లైసెన్సు అవసరం లేదు.

రేడియో విషయంలో కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: సంకేతం తెగిపోతే కారు ఏమి చేస్తుంది? మంచి కారయితే మోటారుకు పోయే విద్యుత్తును తానే ఆపివేస్తుంది. చెడ్డదయితే చివరి ఆజ్ఞనే పట్టుకుని సముద్రంలోకో, మనుషుల మీదికో పోతుంది. ఈ మాట మన ప్రాంతపు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఒకప్పుడు మన జిల్లాలోనిదై, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట నుండి 2010 డిసెంబరు 25న ఎగిరిన జి.ఎస్.ఎల్.వి. ఎఫ్-06 రాకెట్టులో, ఆజ్ఞలను మోసే తీగల కనెక్టర్లు కొన్ని ఊడిపోయాయి. రాకెట్టు అదుపు తప్పింది. అప్పుడు నేల మీది భద్రతాధికారి రేడియో ఆజ్ఞతో దానిని ఆకాశంలోనే పేల్చివేయవలసి వచ్చింది. అంత పెద్ద యంత్రానికైనా, మూరెడు కారుకైనా కనెక్టరు గట్టిగా కూర్చోవడమే ప్రాణం. కారు కొన్న రోజున చక్రాలు నేలకు తగలకుండా ఇటుకమీద పెట్టి, సగం వేగంలో తిరుగుతుండగా రిమోటు ఆపి చూడండి. చక్రాలు ఆగాలి.

మోటార్లలో రెండు రకాలు: బ్రష్ ఉన్నవి, బ్రష్ లేనివి. మొదటిదానిలో కార్బన్ ముక్కలు రెండు తిరిగే కమ్యుటేటర్‌ను ఒరుసుకుంటూ విద్యుత్తును అందిస్తాయి. ఒరుసుకుంటాయి కనుక అరిగిపోతాయి. అరిగితే మోటారు మార్చాలి. దాని ధర తక్కువ. రెండవదానిలో ఆ ఒరిపిడి లేదు. తీగచుట్టలలో విద్యుత్తును ఎప్పుడు ఎటు మార్చాలో ఒక సర్క్యూటు నిర్ణయిస్తుంది. శక్తి ఎక్కువ, ఆయుస్సు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. ఆ సర్క్యూటు పోతే ఖర్చు తలకు మించుతుంది. (ప్రసక్తి వచ్చింది కనుక చెబుతున్నాను: పెద్ద డి.సి. మోటార్లలో కమ్యుటేటర్ రాగి రేకుల నడుమ విద్యుద్బంధకంగా వాడుతూ వచ్చినది అభ్రకం. మన గూడూరు గనుల అభ్రకం పేరు విదేశాలవారికి తెలిసినంతగా మన విద్యార్థులకు తెలియకపోవడం విచారకరం. ఈ చిన్న మోటార్లలో మాత్రం అభ్రకం ఉండదు.) సరదాకు నడుపుకొనే వారికి, ముఖ్యంగా నేర్చుకునే వారికి, బ్రష్ మోటారే మేలని నా అభిప్రాయం. వేగం తక్కువ. లోపల ఏమి జరుగుతున్నదో అర్థమవుతుంది.

మోటారుకు మన తీరంలో ఒక ప్రత్యేకమైన శత్రువు ఉన్నది. సముద్రపు ఇసుకలో అక్కడక్కడ నల్లని చారలు చూసే ఉంటారు. ఆ నలుపు ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి బరువైన ఖనిజాలది. ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ ఇసుకలో త్రిప్పితే నల్లని రేణువులు గడ్డంలా పట్టుకుంటాయి. మోటారు లోపల ఉన్నది అయస్కాంతమే కదా! మామూలు ఇసుక దులిపితే పోతుంది. ఈ నల్లరేణువులు మాత్రం మోటారు కంతల గుండా లోపలికి చేరి, అక్కడే స్థిరనివాసం ఏర్పరచుకుంటాయి. మేనల్లుని కారు మోటారును విప్పినప్పుడు అయస్కాంతాల అంచున కాటుక పెట్టినట్లు నల్లని గీత కనిపించింది. అదేమిటో ఆ రాత్రి మాకు అర్థం కాలేదు. మరునాడు భౌతికశాస్త్రం మిత్రుడు చూచి నవ్వి, అయస్కాంతం పెట్టి లాగి చూపించాడు. కనుక కంతలు తక్కువగా ఉండి, పైన దుమ్ము ఆపే తొడుగు ఉన్న కారును ఎంచుకోవడం మంచిది. తొడుగు లేకపోతే పాత నైలాన్ సాక్సు ముక్క కట్టవచ్చు. వేడి కొంత పెరుగుతుంది కనుక పది నిమిషాలకొకసారి ఆపి చేతితో తాకి చూడాలి. వేలు నిలవనంత వేడిగా ఉంటే చల్లారనివ్వాలి.

బ్యాటరీ విషయంలో విద్యార్థులు సాధారణంగా అంకెలకు మోసపోతారు. 3000 మిల్లీ ఆంపియర్ అవర్ అని వ్రాసి ఉంటే, అది మూడు ఆంపియర్ల చొప్పున ఒక గంట ఇవ్వగలదని అర్థం. కారు సగటున పన్నెండు ఆంపియర్లు లాగితే పావుగంటలో అయిపోతుంది. వదులు ఇసుకలో ఇంకా ఎక్కువ లాగుతుంది. కాబట్టి "గంట సేపు నడుస్తుంది" అనే మాటను నమ్మవద్దు. ఒకటికి రెండు బ్యాటరీలు కొనుక్కోండి. నికెల్ మెటల్ హైడ్రైడ్ అనే పాత రకంలో గడికి 1.2 వోల్టులు; ఆరు గడులకు 7.2. ఇది బరువు, శక్తి కొంచెం తక్కువ, కాని మొరటుతనాన్ని సహిస్తుంది. లిథియం పాలిమర్ రకంలో గడికి 3.7 వోల్టులు, రెండు గడులకు 7.4. తేలిక, చురుకు. అయితే గడి 4.2 వోల్టులు దాటరాదు, 3 వోల్టుల క్రిందికి దిగరాదు. దెబ్బతగిలినా, ఉబ్బినా మళ్ళీ ఛార్జి పెట్టరాదు. అంటుకుంటే ఆర్పడం కష్టం. మన నెల్లూరు ఎండలలో మూసిన మోటారు వాహనంలో దానిని వదిలిపెట్టడం ఆపదను పిలవడమే. హాస్టలు గదిలో మంచం మీద ఛార్జి పెట్టి సినిమాకు పోయే విద్యార్థులున్న చోట లిథియం బ్యాటరీని నేను సిఫారసు చేయను. ఈ మాటకు విద్యార్థులు కోపగించుకున్నా ఫరవాలేదు.

గల్ఫ్ నుండి, అమెరికా నుండి బంధువులు తెచ్చే కార్ల గురించి ఇక్కడే ఒక మాట. కువైట్ విద్యుత్తు వోల్టేజి మన దానికి దగ్గరదే కాని ప్లగ్గు ఆకారం వేరు. అమెరికా ఛార్జరు 120 వోల్టులకే తయారైనదయితే మన గోడకు పెట్టిన క్షణంలో కాలిపోతుంది. విడిగా తెచ్చే లిథియం బ్యాటరీలను విమానంలో లగేజీలో వేయరాదు, చేతిసంచిలో తెచ్చుకోవాలి. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి, 7.4ను 3తో గుణిస్తే 22.2. వంద వాట్ అవర్లలోపు వాటిని సాధారణంగా అనుమతిస్తారు.

నేలను బట్టి కారును ఎంచుకోవాలి కాని, కారును బట్టి నేలను వెదకరాదు. నాలుగు చక్రాలూ తిరిగే కారు ఇసుకలో సులభంగా కూరుకుపోదు, కొత్తవారికి నడపడం తేలిక. ఇది నిజమే. కాని దానిలో ముందు, వెనుక డిఫరెన్షియళ్ళు, వాటిని కలిపే ఇరుసు, వాటన్నిటికీ బేరింగులు. ఉప్పు, ఇసుక చేరడానికి అన్ని తలుపులు తెరిచి ఉన్నట్లే. వెనుక చక్రాలు రెండే తిరిగే కారు మొదట్లో గింగిరాలు కొడుతుంది, నడక నేర్చుకోవాలి; కాని సగం భాగాలే ఉంటాయి, గంటలో విప్పి మళ్ళీ బిగించవచ్చు. ఈ ఆట పుట్టిన తొలినాళ్ళలో జపాన్‌కు చెందిన టామియా కంపెనీ 1979లో ఇసుక కోసమే తయారుచేసిన శాండ్ స్కార్చర్ కూడా వెనుక చక్రాలతో నడిచేదే. టైర్లకు లోతైన పళ్ళు ఉండాలి. తారురోడ్డు టైర్లు ఇసుకలో తమ గోతిని తామే త్రవ్వుకుంటాయి. మోటారు తల మీది చిన్న గేరుకు పళ్ళు తగ్గిస్తే వేగం తగ్గి, బలం పెరుగుతుంది. పెద్ద గేరుకు 86 పళ్ళు, చిన్నదానికి 23 ఉంటే మోటారు సుమారు 3.7 చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు. చిన్నదాన్ని 19 పళ్ళకు మారిస్తే 4.5 చుట్లు. ఇసుకలో నడిపేవారికి ఈ చిన్న మార్పు మోటారును కాపాడుతుంది. చిన్న గేర్లు విడిగా దొరికే కారే కొనాలి.

అర్జీలోని 60 కిలోమీటర్ల వేగాన్ని గురించి కూడా చెప్పాలి. రెండు కిలోల కారు 20 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిశక్తి సుమారు 31 జౌళ్ళు. 60 కిలోమీటర్లకు అది 278. వేగం మూడు రెట్లయితే దెబ్బ తొమ్మిది రెట్లు. మైపాడు తీరంలో సాయంకాలం ఎవరెవరు ఉంటారు? వలలు బాగుచేసుకునే మత్స్యకారులు, పసిపిల్లలతో వచ్చిన తల్లులు, బజ్జీల బండ్లు. అమెరికా కంపెనీ ట్రాక్సాస్ వారి కొన్ని కార్లలో, ఉదాహరణకు స్లాష్ అనే కారులో, వేగాన్ని సగానికి తగ్గించి నేర్చుకునే ఏర్పాటు ఉన్నది. ఇటువంటిది కళాశాలకు తప్పనిసరి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. దులాభాయ్ సెలవుపై వచ్చిన రోజున కారు ఇంకా ముక్కలుగా మా బల్ల మీదనే ఉన్నది. నేను చేయగలిగిందేమీ లేకపోయింది. బేరింగులు తుప్పుపట్టి గవ్వల్లా బిగుసుకుపోయాయి. సర్క్యూటు పలక మీద రాగిగీతలు పచ్చగా పువ్వు పూశాయి. పెట్టె మీద మాత్రం "వాటర్‌ప్రూఫ్" అని ఉన్నది. ఆ మాట నమ్మి అలల్లో నడిపినందుకు పిల్లవాడిని నిందించలేము. కాని ఆ మాటకు అర్థం, నీరు తగిలిన వెంటనే సర్క్యూటు చెడిపోదని మాత్రమే. బేరింగులకు, మేకులకు, మోటారుకు ఆ హామీ వర్తించదు. ఉప్పునీటికి అసలే వర్తించదు. ఉప్పునీరు మంచినీటికంటె ఎన్నో రెట్లు విద్యుద్వాహకం. ఇనుమును, రాగిని తినివేస్తుంది. ఆరిన తరువాత కూడా ఉప్పు అక్కడే ఉండి గాలిలోని తేమను పీల్చుకుంటూ తన పని తాను చేసుకుపోతుంది. పిల్లవాడు తల వంచుకుని మొత్తం చెప్పేశాడు. తండ్రి చాలాసేపు ఆ ముక్కలను ఒక్కొక్కటిగా తీసి చూచి, "సముద్రం పక్కన తిరిగే లారీ ఛాసిసే నిలవదురా, ఇదెంత? కడగలేదా?" అన్నారు. కడగాలని వాడికి ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. "ఏడాదిన్నర నుంచి నాతో ఎందుకు చెప్పలేదు?" అని ఆయన అడిగిన రెండవ ప్రశ్నకు వాడి వద్ద సమాధానం లేదు. ఆపా వంటింటిలోకి వెళ్ళిపోయింది.

ఆ సెలవులో తండ్రీకొడుకులు కలిసి రెండవ కారును ఎంచుకున్నారు. ఈసారి మొదట విడిభాగాల పట్టిక, తరువాత కారు. డబ్ల్యు.ఎల్.టాయ్స్ అనే చైనా కంపెనీ వారి 144001 వంటివి ధరకు అందుబాటులో ఉండి, భాగాలు దొరికేవే. 1:14 పరిమాణం, నాలుగు చక్రాల కారు. కాని వేగం ఎక్కువ, నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. గులకరాళ్ళ మీద పొట్ట రాసుకుంటుంది. వారు చివరకు తీసుకున్నది 1:10 పరిమాణంలో వెనుక చక్రాల కారు, బ్రష్ మోటారుది. ధర కొంచెం ఎక్కువే పడింది. ఆటవస్తువుల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఆ భారం మనమీదనే పడుతుంది. 14 ఏళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేశారు కనుక, చిన్నపిల్లలకు కొనేవారు ఆ ముద్ర చూడాలి. హాబీ కార్ల పెట్టెల మీద సాధారణంగా 14 ఏళ్ళు పైబడిన వారికని ఉంటుంది.

దానిని వారు సముద్రానికి తీసుకుపోలేదు. నెల్లూరు పక్కనే పెన్న ఉండగా సముద్రం దేనికి? వేసవిలో ఉప్పుపోటు చేరని ఎగువ భాగంలో విశాలమైన ఇసుక మేటలు బయటపడతాయి. అది మంచినీటి ఇసుక. ఇసుక తవ్విన గోతులలో నీరు నిలిచి ఉంటుంది కనుక వాటికి దూరంగా ఉండాలి. కారు పడితే పడనివ్వండి, దాని వెంట పిల్లలు దిగరాదు. వరి కోసిన మళ్ళు కూడా మంచి నేలే, రైతును అడిగి నడిపితే. రొయ్యల గుంటల కట్టలు చూడడానికి అనువుగా కనిపిస్తాయి కాని అక్కడ ఉప్పు ఉన్నది. సరుగుడు తోపులలో రాలిన సూదులు ఇరుసులకు చుట్టుకుంటాయి. తీరంలో తెగిపడిన నైలాన్ వలదారం ఇంకా ప్రమాదం, బేరింగు లోపలికి దూరి దానిని కోసేస్తుంది. సముద్రతీరానికి పోయే తీరాలనుకుంటే అల చేరని పొడి గట్టు మీదనే నడపండి. డిసెంబరు చివరి నుండి వేసవి తొలినాళ్ళ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలో గుడ్లు పెడతాయి, ఆ నెలల్లో గట్టును వాటికి వదిలివేయండి. ఆ తాబేళ్ళకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్నది.

కమిటీ వారికి నా మనవి ఇది. అర్జీలోని కారు వద్దు. అదే డబ్బులో విడిభాగాలుగా వచ్చి, కూర్చుని బిగించుకోవలసిన కారు ఒకటి తీసుకోవచ్చును. టామియా వారి గ్రాస్‌హాపర్ అటువంటిది; 1984లో మొదట వచ్చి, 2005లో మళ్ళీ విడుదలయింది. చిన్న మోటారు, వెనుక చక్రాలు, నూనె లేని మామూలు స్ప్రింగులు. వేగం తక్కువ, గెంతుతూ పోతుంది. పరుగుపందేలకు పనికిరాదు. అయితే దానిని బిగించినవారికి అందులో తెలియని మేకు ఒక్కటి కూడా మిగలదు. రేడియో, బ్యాటరీ, ఛార్జరు వేరుగా కొనాలి. ప్లాస్టిక్ బుష్‌ల బదులు బాల్ బేరింగులు మొదటిరోజునే వేయించాలి. వాటితోపాటు మంచి స్క్రూడ్రైవర్లు, రెండు మెత్తని బ్రష్‌లు, ఒక నూనె సీసా ఖర్చు పద్దులో చేర్చవలసిందిగా కోరుతున్నాను. నడిపిన ప్రతిసారీ పొడి ఇసుక బ్రష్‌తో దులిపి, పంక్చరు షాపులో దూరం నుండి గాలి కొట్టించి, ఉప్పు తగిలిందని అనుమానం ఉంటే బ్యాటరీ తీసివేసి తడిగుడ్డతో, మంచినీటితో తుడిచి ఆరబెట్టి, బేరింగులకు ఒక్కొక్క చుక్క నూనె వేయాలి. ఈ పని ఎవరు చేస్తారో పేరు వ్రాసిన పుస్తకం ఒకటి ప్రయోగశాలలో ఉంచితే మేలు.

మేనల్లుని రెండవ కారుకు ఇప్పటికి రెండు సార్లు ముందు చెయ్యి విరిగింది, ఒకసారి మోటారు మారింది. ప్రతిసారీ వాడు విరిగిన ముక్కను ఫోనులో తండ్రికి చూపించి, నంబరు చదివి వినిపిస్తున్నాడు. పోయిన నెల సర్వో గేరు పళ్ళు రాలిపోతే ఆ భాగాన్ని కువైట్‌లో కొని, సెలవుపై వచ్చే మిత్రుని చేతికిచ్చి పంపించారు. కాగితంలో చుట్టిన ఆ పొట్లం చిక్కుడు గింజంత కూడా లేదు.